టమాటా నిల్వ పచ్చడిలో సోడియం బెంజోయేట్ కలపవచ్చా?

ప్రశ్న: నిరుడు మా అమ్మాయికి పంపిన టమాటా పచ్చడికి నెలన్నర తిరగకుండానే బూజు పట్టింది. ఈసారి బూజు పట్టకుండా వేసే సోడియం బెంజోయేట్ పొడి చిటికెడు కలుపుదామనుకుంటే, అది క్యాన్సర్ తెస్తుందని మా తోటికోడలు భయపెడుతున్నారు. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: కలపవచ్చునండీ, కాని చిటికెడు లెక్కన కాదు. మన దేశపు నిబంధనల ప్రకారం కిలో పచ్చడికి బెంజోయిక్ ఆమ్లం (ఈ పొడి పరిమితిని ఆ ఆమ్లం లెక్కనే చెబుతారు) 250 మిల్లీగ్రాములు, అంటే పావు గ్రాము మించకూడదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ లెక్కన శరీర బరువులో కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాముల వరకు భయం లేదు కాబట్టి, 50 కిలోల మనిషి ఆ హద్దు చేరాలంటే రోజూ కిలో పచ్చడి తినాలి. అంత తింటే ముందు ఉప్పే కొంప ముంచుతుంది. లోపలికి వెళ్లిన బెంజోయేట్‌ను కాలేయం హిప్పురిక్ ఆమ్లం అనే పదార్థంగా మార్చి మూత్రంలో పంపేస్తుంది.

క్యాన్సర్ మాట పూర్తిగా గాలిమాట కాదు. విటమిన్ సి ఉన్న శీతల పానీయాలలో బెంజోయేట్ వేడికీ వెలుతురుకూ గురైనప్పుడు క్యాన్సర్ కారకమైన బెంజీన్ అతి స్వల్పంగా పుడుతుందని తేలింది. టమాటాలోనూ ఆ విటమిన్ ఉంది కనుక పచ్చడి పూర్తిగా చల్లారాకే కలిపి, సీసాను ఎండ తగలని చోట ఉంచండి.

అసలు కిటుకు పులుపులో ఉంది. పులుపును కొలిచే పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.5 కంటే తగ్గితేనే ఈ మందు బూజు మీద బాగా పనిచేస్తుంది. టమాటా ఒక్కటే ఆ అంచున ఊగిసలాడుతుంది కాబట్టి చింతపండు తగ్గించకండి. చికెన్ పచ్చడిలో దీన్ని నమ్ముకోవద్దు. ఆవకాయకు దీని అవసరమే లేదని నా అభిప్రాయం.

ప్రశ్న: పావు గ్రాము ఇంట్లో ఎలా తూచేదండీ?

జవాబు: ఆహార అవసరాలకని ముద్రించి ఉన్న పొట్లమే కొని, అందులో 5 గ్రాములు తూచి, కాచి చల్లార్చిన నీటిలో కరిగించి, మొత్తం 100 మిల్లీలీటర్లు అయ్యేలా చూడండి. అందులో 5 మిల్లీలీటర్లు, అంటే మందు సీసాతో వచ్చే చిన్న చెంచాడు, కిలో పచ్చడికి సరిపోతుంది.

మరొకరి జవాబు: ఉబ్బసం, దద్దుర్లు ఉన్న కొందరికి ఇది పడదు, అమ్మాయిని ముందే అడగండి. ఇప్పటికే బూజు పట్టిన పచ్చడిని మాత్రం ఏ పొడీ బాగుచేయలేదు, పారబోయండి.