కొత్త క్యాప్: కూర్చుని నోరు మూస్తే ఒక్క పన్నే ముందు తగులుతోంది

మాది కడప. కింది కుడివైపు మొదటి దవడ పంటికి రూట్ కెనాల్ చేసి జిర్కోనియా (పింగాణీ లాంటి గట్టి తెల్ల పదార్థం) క్యాప్ వేశారు. నోరు మెల్లగా మూస్తే ముందు అదే తగులుతుంది. ఇంకాస్త బిగిస్తే దవడ ఎడమకు జారి, అప్పుడు మిగతావి కలుస్తాయి. సంగటికి బాధ లేదు, వేయించిన వేరుశనగ గింజ పడితే మాత్రం చురుక్కుమంటుంది. నరం తీసేసిన పంటికి నొప్పేమిటి అనకండి, వేరు చుట్టూ ఉన్న పొరకు స్పర్శ ఉంటుంది.

డాక్టరు పళ్ళు తగిలిన చోట రంగు అంటే నీలం కాగితం కొరికించి క్యాప్‌ని అరగదీశారు, మళ్ళీ అరగదీశారు. కుర్చీలో వెనక్కి పడుకున్నప్పుడు గుర్తులు బాగానే ఉంటాయి, లేచి కూర్చుంటే మళ్ళీ అదే తంతు. పైగా ఆ కాగితం ఎక్కడ తగిలిందో చూపుతుంది గానీ, ఏది ముందో, ఎంత బలమో చెప్పదు.

నిటారుగా కూర్చోబెట్టి కాగితంతో చూస్తే సరిపోతుందా, లేక ఒత్తిడిని క్షణక్షణం నమోదు చేసే డిజిటల్ సెన్సర్ పరీక్షే చేయించుకోవాలా?