సెర్ట్రలిన్ వాడుతున్నవారు నిద్ర కోసం మూలికల క్యాప్సూల్స్ వేసుకోవచ్చునా?

ప్రశ్న:
ఆందోళన, దిగులు తగ్గడానికి ఎనిమిది నెలలుగా మానసిక వైద్యుల సలహాపై రోజూ ఉదయం సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాను. నిద్ర అసలే పట్టని రాత్రి మాత్రం అల్ప్రజోలమ్ 0.25 వేసుకోమన్నారు. దిగులు చాలావరకు తగ్గింది గానీ, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. ఇది చూసి మా అక్క ఒక మూలికల సీసా ఇచ్చింది. దాని ముందువైపు పెద్ద అక్షరాలతో ‘పూర్తిగా సహజం’ అని ఉంది. వెనుకవైపు కంటికి ఆనని అక్షరాలతో అశ్వగంధ, వలేరియన్, సెయింట్ జాన్స్ వోర్ట్ అని ఉన్నాయి. ఏది ఎంత కలిపారో ఎక్కడా రాయలేదు. మొక్కలే కదా అని అక్క అంటోంది. డాక్టరుగారిని అడిగితే కోప్పడతారేమోనని సంకోచిస్తున్నాను.

సమాధానం 1:
నేను ఫార్మసిస్టుని. మీరు రాసిన మూడింటిలో సెయింట్ జాన్స్ వోర్ట్ పేరు చూడగానే ఆగిపోయాను. ఆ మొక్క మెదడులో సెరటోనిన్ అనే, మనోస్థితిని ప్రభావితం చేసే రసాయనం ప్రభావాన్ని పెంచుతుంది. సెర్ట్రలిన్ చేసే పని కూడా అదే కనుక, రెండూ కలిస్తే సెరటోనిన్ మోతాదు మించి చెమటలు, వణుకు, విరేచనాలు, గుండెదడ, తీవ్రమైతే జ్వరం, కండరాలు బిగుసుకుపోవడం వరకూ వెళ్లవచ్చు. ఇది ఒక ఎత్తు. కాలేయంలో మందులను విరిచే ఎంజైములను ఆ మొక్క చురుకుగా మార్చడం మరొక ఎత్తు. 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఆరోగ్యవంతులు దానిని రెండు వారాలు వేసుకున్న తరువాత అల్ప్రజోలమ్ అర్ధాయువు, అంటే రక్తంలో ఆ మందు సగానికి తగ్గడానికి పట్టే సమయం, సుమారు 12 గంటల నుంచి 6 గంటలకు పడిపోయింది. గర్భనిరోధక మాత్రలూ, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ కూడా ఇలాగే బలహీనపడతాయి. మానేసిన వెంటనే ఈ ప్రభావం పోదు, సుమారు రెండు వారాలు పడుతుంది. అందువల్ల మూలికను మొదలుపెట్టినప్పుడే కాదు, ఆపినప్పుడు కూడా రక్తంలో మందు పాళ్లు మారిపోతాయి.

వలేరియన్, అశ్వగంధ రెండూ మగత కలిగించేవే. అల్ప్రజోలమ్ వేసుకున్న రాత్రి ఆ మగత మరింత పెరగవచ్చు. అశ్వగంధ వల్ల కాలేయం దెబ్బతిన్న సందర్భాలు అరుదుగానైనా నమోదయ్యాయి, థైరాయిడ్ హార్మోన్లు కూడా పెరగవచ్చు. ‘సహజం’ అన్న మాట మందు ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుందే తప్ప, ఏం చేస్తుందో చెప్పదు.

సమాధానం 2:
నేను సెర్ట్రలిన్ కోవకే చెందిన ఎస్సిటలోప్రామ్ వాడుతూ సెయింట్ జాన్స్ వోర్ట్ మాత్రలను ఎవరికీ చెప్పకుండా వేసుకున్నాను. అయిదో రోజు సాయంత్రం ఇంటి తలుపు ముందు నిలబడి, చేతులు వణుకుతుంటే తాళంచెవిని రంధ్రంలో పెట్టలేకపోయాను. చొక్కా చెమటతో తడిసిపోయింది. మామూలు జ్వరమనుకుని ఆ రాత్రంతా ఇంట్లోనే ఉండడం నేను చేసిన రెండో తప్పు. మరునాడు ఆసుపత్రిలో, ఇంకేమైనా వాడుతున్నారా అని అడిగినప్పుడు కూడా మొదట లేదనే చెప్పాను, ఎందుకంటే అది నా దృష్టిలో మందే కాదు.

సమాధానం 3:
మనోస్థితి తీవ్రంగా మారిపోయే జబ్బుకు ఇచ్చే లిథియం వాడేవారు కూడా మూలికలతో జాగ్రత్తపడాలి. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మూలికలు శరీరంలో లిథియం పేరుకుపోవడానికి కారణం కావచ్చు. దానికి తగిన మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ.

ప్రశ్న అడిగినవారు:
ఒక విషయం దాచాను, క్షమించండి. ఆ క్యాప్సూల్స్ మూడు రాత్రులుగా వేసుకుంటూనే ఉన్నాను. నిన్నటి నుంచి కాస్త చెమటలు పడుతున్నాయి. సెర్ట్రలిన్ కూడా ఆపేయమంటారా?

సమాధానం 1:
సెర్ట్రలిన్‌ను మీ అంతట మీరు ఆపకండి; హఠాత్తుగా మానితే తల తిరగడం, చిరాకు, పాత లక్షణాలు తిరగబెట్టడం వంటివి వస్తాయి. మూలికల క్యాప్సూల్ మాత్రం ఈ రాత్రి వేసుకోవద్దు. సీసాకు రెండువైపులా ఫొటో తీసి, ఏ రోజు ఎన్ని వేసుకున్నారో రాసి ఇప్పుడే మీ డాక్టరుగారికి ఫోన్ చేయండి. జ్వరం, తికమక, కాళ్లు చేతులు బిగుసుకుపోవడం వీటిలో ఏది కనిపించినా ఫోన్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి, సీసాను వెంట తీసుకువెళ్లండి. తెల్లవారుజాము మెలకువ సంగతి కూడా ఆయనకే చెప్పండి. దిగులు పూర్తిగా తగ్గలేదనడానికి అదొక గుర్తు కావచ్చు, మోతాదు సవరించవలసి రావచ్చు.