పాత విండోస్ 98 కంప్యూటర్‌కి డయల్-అప్: మోడెమ్ మోగాల్సిందేనా, కేబుల్ చాలా?

బాలాజీనగర్ మాస్టారు, నెల్లూరు

మా స్కూల్లో సైన్స్ ప్రదర్శన ఉంది. స్టోర్ రూమ్‌లో ఒక పెంటియం-3 బయటపడింది. విండోస్ 98 సెకండ్ ఎడిషన్ ఇప్పటికీ బూట్ అవుతోంది. పక్కనే సీరియల్ పోర్టుకి తగిలించే ఎక్స్‌టర్నల్ మోడెమ్ కూడా దొరికింది, దాని మీద 56కే అని ఉంది. తొమ్మిదో తరగతి పిల్లలకి డయల్-అప్, అంటే ఫోన్ లైన్ మీద మోడెమ్‌తో నెట్‌కి కలవడం, చూపించాలని నా కోరిక. చిక్కేమిటంటే స్కూల్ ల్యాండ్‌లైన్ ఇప్పుడు ఫైబర్ మీద వస్తోంది, రాగి తీగ లేదు. స్టాఫ్ రూమ్‌లో రెండు మాటలు వినిపిస్తున్నాయి. కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కి కలిపితే చాలంటున్నారు కొందరు. ఫోన్ లైన్ లేకుండా చూపిస్తే అది డయల్-అప్ ఎట్లా అవుతుందని మిగతావాళ్లు. నాకు మోడెమ్ నిజంగా డయల్ చేస్తేనే బాగుంటుందని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

సీరియల్ పోర్ట్, కావలి

మాస్టారూ, నా ఓటు కేబుల్‌కే. డయల్-అప్‌లో అసలు పని చేసేది పీపీపీ, అంటే రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడగడం, ఐపీ అడ్రస్ ఇవ్వడం, ప్యాకెట్లు మోయడం అంతా అదే చేస్తుంది. రెండు కంప్యూటర్ల సీరియల్ పోర్టుల్ని నేరుగా కలిపే నల్ మోడెమ్ కేబుల్ మీదా అదే పీపీపీ నడుస్తుంది. అవతల లైనక్స్ ఉన్న ఏ కంప్యూటరైనా, రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరైనా సరిపోతుంది. పీపీపీడీ అనే ప్రోగ్రామ్ నడిపి, ప్యాకెట్లని బయటికి దాటించే ఐపీ ఫార్వర్డింగ్, నాట్ సెట్టింగులు పెడితే పాత కంప్యూటర్ నెట్‌లోకి వచ్చేస్తుంది.

ఒక్క ఇబ్బంది ఉంది. నల్ మోడెమ్ కేబుల్‌ని మోడెమ్‌గా చూసే డ్రైవర్ విండోస్ 98తో రాదు, దానికి విడిగా ఒక ఐఎన్ఎఫ్ ఫైలు ఎక్కించాలి. కేబుల్ కనెక్షన్‌లో విండోస్ ముందు 'క్లయింట్' అని పంపి, జవాబుగా 'క్లయింట్‌సర్వర్' అని రావాలని చూస్తుంది. లైనక్స్ వైపు ఆ మాట చెప్పే చిన్న చాట్ స్క్రిప్ట్ రాసుకుంటే సరి. ప్రదర్శన రోజు టెన్షన్ ఉండదు. జనం ముందు మోడెమ్‌లు ఎప్పుడు మొరాయిస్తాయో చెప్పలేం.

ట్రంకు రోడ్డు రిపేర్ షాపు, నెల్లూరు

రెండూ ఎందుకండీ? ఆ కంప్యూటర్‌లో పీసీఐ స్లాట్ ఉంటుంది, లాన్ కార్డు వేస్తే అయిపోతుంది. అయినా విండోస్ 98 కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2006 జులైలోనే ఆపేసింది. దాన్ని నెట్‌లో పెట్టడం మంచిది కాదు. పెట్టినా ఏం తెరుచుకుంటుంది? దాంతో వచ్చే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 కి ఈనాటి హెచ్‌టీటీపీఎస్ సైట్లు, అంటే సమాచారాన్ని గుప్తంగా పంపేవి, అర్థం కావు, ఎర్రర్ పేజీలే వస్తాయి. పిల్లల ముందు ఎర్రర్ పేజీ చూపించి ఏం లాభం?

పాత ఎక్స్‌ఛేంజి, ఒంగోలు

నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాను. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఫైబర్ సంగతి. మాస్టారు గారి స్కూల్లో ఫైబర్ పెట్టెకి ఫోన్ సాకెట్ ఉంటుంది, అందులో మోడెమ్ పెడితే డయల్ టోన్ కూడా వస్తుంది. కానీ అక్కడి నుంచి గొంతు ప్యాకెట్లుగా మారి వెళ్తుంది. మాట్లాడుకోవడానికి అది బాగుంటుంది, మోడెమ్‌కి కాదు. ఒక ప్యాకెట్ ఆలస్యమైనా, మధ్యలో గొంతును కుదించే కోడెక్ ఉన్నా మోడెమ్‌ల లెక్క తప్పిపోతుంది. వేగం బాగా తగ్గించి పెడితే ఒక్కోసారి కలుస్తుంది, కాసేపటికి తెగుతుంది. దాన్ని నమ్ముకుని ప్రదర్శన పెట్టొద్దు. పైగా అవతల ఎత్తేవాళ్లెవరు? ఒకప్పుడు అకౌంట్ కూడా లేకుండా 172233 కొడితే బీఎస్ఎన్ఎల్ నెట్ వచ్చేది, ఫోన్ బిల్లులోనే ఛార్జీ పడేది. ఇప్పుడు అట్లాంటి నంబరు మీద ఆశ పెట్టుకోకండి.

ఇక కావలి తమ్ముడి మాట. పీపీపీ ఒకటే, ఒప్పుకుంటా. కానీ డయల్-అప్‌లో గొప్పతనం పీపీపీలో లేదు. 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు మాత్రమే పోనిచ్చే, మనిషి గొంతు కోసం కట్టిన లైన్లో అంకెలు పంపడంలో ఉంది. ఎత్తిన మోడెమ్ ముందు 2100 హెర్ట్జ్ టోన్ వేస్తుంది. లైన్లో ప్రతిధ్వని ఆపే పరికరాలుంటే పక్కకు తప్పుకోమని దానర్థం. తర్వాత రెండూ ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా వస్తోందో కొలుచుకుంటాయి, ఆ లైన్‌కి తట్టుకునే వేగం ఒప్పుకుంటాయి. మనం విన్న ఆ గీ గీ చప్పుడంతా ఈ బేరమే. కేబుల్‌లో ఇందులో ఒక్క ముక్కా జరగదు. పిల్లలు అడిగే మొదటి ప్రశ్న "సార్, ఆ చప్పుడేంది?" అనే. కేబుల్ పెడితే ఆ ప్రశ్నే పుట్టదు. నాకు బాధనిపించేది అదే.

దారి చెప్తాను. లాడ్జీల్లో, ఆసుపత్రుల్లో వాడే ఇంటర్‌కామ్ పెట్టె ఉంటుంది కదా, ఈపీఏబీఎక్స్. పాతది, అనలాగ్ ఎక్స్‌టెన్షన్లు ఉన్నది తీసుకోండి. బయటి లైన్ అక్కర్లేదు. ఒక ఎక్స్‌టెన్షన్‌కి మీ మోడెమ్, ఇంకోదానికి లైనక్స్ కంప్యూటర్ మోడెమ్. డయల్ టోన్ వస్తుంది, అవతలి ఎక్స్‌టెన్షన్ నంబరు, అనుకోండి 21, కొడితే అక్కడ మోగుతుంది, ఎత్తుతుంది. అది చిన్న ఎక్స్‌ఛేంజే. మూత తీసి లోపల పిల్లల్ని చెయ్యి మాత్రం పెట్టనివ్వకండి, మోగేటప్పుడు లైన్లో ఓల్టేజీ ఎక్కువ.

సీరియల్ పోర్ట్, కావలి

అన్నా, ఈపీఏబీఎక్స్ ఆలోచన బాగుంది. కానీ రెండో మోడెమ్ కావాలి, పెట్టె కావాలి. స్కూల్ దగ్గర అంత డబ్బెక్కడిది? అట్లాగైతే రెండు మోడెమ్‌లని నేరుగా కలిపితే? లైన్‌కి వరసలో ఒక 9 ఓల్ట్ బ్యాటరీ, ఒక రెసిస్టర్ పెడితే చాలంటారు. ఇవతల టోన్ కోసం ఆగకుండా కలవమనే ఏటీఎక్స్1డీ, అవతల ఎత్తమనే ఏటీఏ కమాండ్ కొట్టాలి.

పాత ఎక్స్‌ఛేంజి, ఒంగోలు

పనిచేస్తుంది తమ్ముడూ, సందేహం లేదు. కానీ అందులో టోన్ ఉండదు, రింగు ఉండదు. అవతల కూర్చుని ఒకరు చేత్తో ఏటీఏ కొట్టాలి. నంబరు కొట్టి పిలవడమే లేకపోతే డయల్ అనే పనే పోయింది కదా. చేతిలో పెట్టె లేనప్పుడు అది చెయ్యండి, ఉన్నప్పుడు వద్దు.

ట్రంకు రోడ్డు రిపేర్ షాపు, నెల్లూరు

పెద్దాయన మాట విన్నాక నా లాన్ కార్డు మాట వెనక్కి తీసుకుంటా. లాన్ కార్డు కంప్యూటర్‌ని నెట్‌కి కలుపుతుందే గానీ మాస్టారు అడిగింది అది కాదు. సేఫ్టీ విషయంలో మాత్రం తగ్గను. డయల్-అప్ రోజుల్లో కంప్యూటర్‌కి నేరుగా పబ్లిక్ ఐపీ వచ్చేది, మధ్యలో రౌటర్ ఉండేది కాదు. ఇప్పుడు లైనక్స్ కంప్యూటర్ మధ్యలో ఉంటుంది కాబట్టి కొంత నయం. అయినా బయటి నెట్ వద్దు. ఆ లైనక్స్ మీదే చిన్న వెబ్ సర్వర్ పెట్టి, పిల్లలు రాసిన తెలుగు పేజీలు, స్కూల్ ఫొటోలు ఉంచండి. హెచ్‌టీటీపీఎస్ గొడవా ఉండదు. తెలుగు అక్షరాలు విండోస్ 98 లో సరిగ్గా కనిపించవు, వాటిని బొమ్మలుగా మార్చి పెట్టండి.

నెట్ సెంటర్ రోజులు, సింగరాయకొండ

బయటి నెట్ లేకుండా చూపిస్తే ఇంటర్నెట్ అని ఎట్లా అంటారు? అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15 న దేశంలో జనానికి ఇంటర్నెట్ తెరిచింది. అప్పట్లో అక్షరాలు మాత్రమే కనిపించే షెల్ అకౌంట్లు తీసుకుని కూడా జనం ఎగబడ్డారంటే, అవతల ప్రపంచం ఉందనే. స్కూల్ లోపలి పేజీ చూస్తే ఆ ఉత్సాహం రాదు. ఒక్క సైటైనా బయటిది తెరవండి.

పాత ఎక్స్‌ఛేంజి, ఒంగోలు

ఇది న్యాయమైన మాట. లైనక్స్ మీద ప్రాక్సీ పెట్టి, అది బయట హెచ్‌టీటీపీఎస్‌లో తెచ్చిన పేజీని ఇటు మామూలు హెచ్‌టీటీపీలో ఇచ్చేట్టు చెయ్యొచ్చు. మాస్టారు గారు ఎంచుకున్న ఒకటి రెండు సైట్లకే అనుమతి. పాస్‌వర్డ్ కొట్టే సైట్ ఏదీ వద్దు.

వేగం గురించి ముందే చెప్పండి పిల్లలకి. మోడెమ్ మీద 56కే అని ఉన్నా ఇక్కడ ఆ వేగం రాదు. 56కే వేగాన్నిచ్చే వీ.90 పద్ధతి పనిచేయాలంటే అవతలి వైపు ఎక్స్‌ఛేంజికి డిజిటల్‌గా కలిసి ఉండాలి. రెండు వైపులా మామూలు మోడెమ్‌లే అయితే సెకనుకి 33.6 కిలోబిట్లే గరిష్ఠం. ఆ లెక్కన 1 ఎంబీకి నాలుగు నిమిషాల పైనే. ఫోన్‌లో తీసిన 4 ఎంబీ ఫొటో ఒకటి పెట్టి లోడ్ చేయించండి. పావుగంట దాటుతుంది. బోర్డు మీద ఆ లెక్క పిల్లల చేతే వేయించండి.

బాలాజీనగర్ మాస్టారు, నెల్లూరు

అందరికీ ధన్యవాదాలు. ఈపీఏబీఎక్స్ దారే ఖాయం చేస్తున్నాను. బంధువుల లాడ్జీలో తీసి పక్కన పెట్టిన పెట్టె ఉంది, ఇస్తామన్నారు. ప్రిన్సిపాల్‌కి కేబుల్ చాలనే ఉంది, కానీ చప్పుడు గురించి ఒంగోలు సార్ రాసింది చదివి వినిపిస్తే కాదనలేకపోయారు. విండోస్ 98 వైపు సెట్టింగులు ఒకసారి చెప్తారా?

పాత ఎక్స్‌ఛేంజి, ఒంగోలు

కంట్రోల్ ప్యానెల్‌లో మోడెమ్స్ తెరిచి మీ మోడెమ్‌ని ఎక్కించండి, పోర్టు వేగం 115200. ప్రాపర్టీస్‌లో కనెక్షన్ ట్యాబ్‌కి వెళ్లి, డయల్ టోన్ కోసం ఆగమనే టిక్ తీసేయండి. మన పెట్టెల టోన్‌ని కొన్ని మోడెమ్‌లు గుర్తుపట్టవు, 'నో డయల్ టోన్' అని ఆగిపోతాయి. అప్పటికీ ఆగితే అడ్వాన్స్‌డ్‌లో ఎక్స్3 రాయండి, టోన్ కోసం ఆగకుండా డయల్ చేయమని దానర్థం.

డయల్-అప్ నెట్‌వర్కింగ్‌లో కొత్త కనెక్షన్ చేసి నంబరు 21 ఇవ్వండి. ఏరియా కోడ్ వాడమనే టిక్ తీసేయాలి, ఇది చాలామంది మర్చిపోతారు. సర్వర్ టైప్స్‌లో పీపీపీ ఉంచి, టీసీపీ/ఐపీ ఒక్కటే వదిలి నెట్‌బ్యూయీ, ఐపీఎక్స్ రెండూ తీసేయండి. 'లాగాన్ టు నెట్‌వర్క్' కూడా తీసేస్తే త్వరగా కలుస్తుంది. అవతల లైనక్స్‌లో ఎంగెట్టీ అనే ప్రోగ్రామ్ పెడితే రింగు రాగానే అదే ఎత్తుతుంది.

మామూలుగా మోడెమ్ కలవగానే స్పీకర్ ఆపేస్తుంది. అదే అడ్వాన్స్‌డ్‌లో ఎం2 కూడా రాయండి, స్పీకర్ ఆపకుండా ఉంచమని దానర్థం. అప్పుడు కలిసిన తర్వాత డేటా వెళ్తున్న బుస కూడా పిల్లలకి వినపడుతుంది.

సీరియల్ పోర్ట్, కావలి

నేనింకా కేబుల్ మాట వదల్లేదు మాస్టారూ. టేబుల్ కింద ఒకటి కలిపి సిద్ధంగా పెట్టుకోండి. ఐఎన్ఎఫ్ ఫైలు, చాట్ స్క్రిప్ట్ నేను పంపిస్తా. మా ఇంట్లో ఒక సీరియల్ మోడెమ్ కూడా ఊరికే పడి ఉంది. రెండోది దొరక్కపోతే చెప్పండి, నెల్లూరు వచ్చినప్పుడు తెచ్చిస్తాను.