పాప ప్రాజెక్టుకి హోడినొషోనీల గురించి ఎక్కడ మొదలుపెట్టాలి?

రోచెస్టర్_సుధ:
మా పాప నాలుగో క్లాసు. ఇక్కడ న్యూయార్క్ స్టేట్‌లో ఈ ఏడు సోషల్‌లో ఇరోక్వా పాఠం ఉంది. హోడినొషోనీలన్నా వాళ్ళే, ఇక్కడి ఆదివాసీ జాతుల కూటమి. బొమ్మ వెయ్యమంటే గుడారం వేసింది, నేనూ బాగుందన్నాను. తీరా చూస్తే వాళ్ళవి గుడారాలు కావట, పొడుగిళ్ళట. ఏడేళ్ళుగా ఇక్కడే ఉన్నా నాకు ఓనమాలు కూడా రావు. మాస్క్ చేద్దామని అట్టలు కూడా కొన్నాం. శనివారం ఖాళీ. ఎక్కడికి తీసుకెళ్ళను, ఏం చెప్పను?

సిరక్యూస్_బాబాయ్:
అమ్మా సుధా, ముందు ఆ మాస్క్ ఆపెయ్. వాళ్ళ మాస్కులు వైద్యానికి, పూజకి వాడేవి. నకళ్ళు చెయ్యొద్దని వాళ్ళ పెద్దల సభే చెప్పింది. దాని బదులు మొక్కజొన్న పొత్తు రేకులతో బొమ్మ చేయించు. ముఖం మాత్రం గియ్యకూడదు. నీళ్ళలో తన అందం చూసుకుంటూ పని మర్చిపోయిందని ముఖం పోగొట్టుకున్న బొమ్మ అది. ఈ కథ పిల్లలకి ఇట్టే ఎక్కుతుంది.

శనివారం విక్టర్‌లో గనొండగాన్‌కి వెళ్ళండి. 1687లో ఫ్రెంచి దండయాత్రలో నాశనమైన సెనెకాల ఊరది, సెనెకాలంటే ఆ కూటమిలో ఒక జాతి. పాతకాలం పొడుగింటి నమూనా ఒకటి కట్టారు. చలికాలంలో మూసేస్తారు, ముందు ఫోన్ చెయ్. లోపల నడుమ పొయ్యిలుంటాయి, ఒక్కో పొయ్యికి అటొక కుటుంబం, ఇటొక కుటుంబం.

అది చూశాక మ్యాప్ తీసి పాపకి చూపించు. ఐదు జాతుల కూటమినే వాళ్ళు ఒక ఇల్లనుకున్నారు. తూర్పు గుమ్మం మోహాక్‌లది, పడమటి గుమ్మం సెనెకాలది. నడుమ నిప్పు ఆరకుండా చూసేది మా ఊరి పక్కనున్న ఒనొండాగాలు. అటూ ఇటూ ఒనైడాలు, కయూగాలు. 1722లో టస్కరోరాలు కలిసి ఆరయ్యారు. హోడినొషోనీ అంటే పొడుగింటివాళ్ళు. ఇరోక్వా అన్నది బయటివాళ్ళు పెట్టిన పేరు.

నాకు బాగా నచ్చిన ముచ్చట కొమ్ములది. పెద్దమనిషి పదవికి గుర్తు జింక కొమ్ములు. అవి పెట్టేది వంశంలోని పెద్దావిడ. దారి తప్పితే ముందు హెచ్చరించి, వినకపోతే తీసేసేదీ ఆవిడే. మనం 'నీకేమైనా కొమ్ములొచ్చాయా' అని తిడతాం కదా, అక్కడ నిజంగానే వస్తాయి, పోతాయి! పిల్లలది తల్లి వంశం. ఎలుగుబంటి వంశం వాళ్ళు ఎలుగుబంటి వంశంలోనే చేసుకోకూడదు, మన సగోత్రం లెక్కే.

బ్రాంట్‌ఫర్డ్_లక్ష్మి:
సుధా, పాప 'ఉండేవారు' అని రాస్తే 'ఉన్నారు' అని దిద్దించండి. నేను కెనడాలో ఉంటాను, సిక్స్ నేషన్స్ వాళ్ళు, అంటే ఆ ఆరు జాతులవాళ్ళు, మా ఊరి పక్కనే. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1779లో వాషింగ్టన్ పంపిన సైన్యం వాళ్ళ ఊళ్ళూ మొక్కజొన్న చేలూ తగలబెట్టింది. యుద్ధం ముగిశాక, బ్రిటిష్ పక్షాన ఉన్నవాళ్ళు చాలామంది 1784లో దక్కిన, ఇక్కడి గ్రాండ్ నది నేల మీదికి వచ్చారు. మీ దగ్గర కెనన్‌డైగ్వాలో 1794లో వాళ్ళూ అమెరికా ప్రభుత్వమూ రాసుకున్న ఒప్పందం ఇంకా నడుస్తోంది. దాని ప్రకారం అమెరికా ప్రభుత్వం ఇప్పటికీ ఏటా గుడ్డ ఇస్తుంది. ఏటా నవంబరు 11న అక్కడ అందరూ కలుస్తారు, వీలైతే వెళ్ళండి.

రోచెస్టర్_సుధ:
వెళ్ళొచ్చాం. పాప ఇల్లంతా తిరిగి పొయ్యిలు లెక్కపెట్టింది. కారెక్కగానే 'మరి మన ఇంటిపేరు నాన్నదెందుకు?' అంది. మా ఆయన జీపీఎస్ చూసుకుంటున్నట్టు నటించారు. రేకుల బొమ్మ చేశాం. మా అత్తగారు వీడియో కాల్‌లో 'కళ్ళు పెట్టలేదేమే' అంటే దాని కథ మొదలైంది. అక్కడ తెల్ల మొక్కజొన్న పిండి కొన్నాను బాబాయ్ గారూ, రొట్టె చేస్తే విరిగిపోతోంది. ఏం చెయ్యను?

సిరక్యూస్_బాబాయ్:
పెనం మీద వెయ్యకమ్మా. ఉడికిన రాజ్మా కలిపి, మరిగిన నీళ్ళతో ముద్ద చేసి, మందంగా బిళ్ళలు వత్తి మరిగే నీళ్ళలో వెయ్. కుడుముల పనే అనుకో. పైకి తేలాయంటే అయినట్టు.