కేబుల్ తీసేస్తే క్రికెట్‌కు లోటు వస్తుందా?

గోదావరి గట్టు:
అందరికీ నమస్కారం. తణుకు దగ్గర పల్లెలో మా నాన్నగారు ఒక్కరే ఉంటారు, కేబుల్ బిల్లు నేను కడుతున్నాను. సీరియళ్లు ఆయన చూడరు, క్రికెట్ ఒక్కటే కాలక్షేపం. ఇంట్లో వైఫై ఉంది కనుక కేబుల్ తీసేసి, ఏదైనా యాప్‌కు చందా కడితే సరిపోతుందని అనుకున్నాను. అయితే మొన్న సెలవులకు వెళ్లినప్పుడు యాప్‌లోనే మ్యాచ్ పెడితే, పక్కింటివాళ్లు కేకలు వేసిన అర నిమిషానికి గానీ మా తెర మీద వికెట్ పడలేదు. ఇది మా నెట్ లోపమా? 2023లో ఉచితంగా చూసిన ఐపీఎల్‌కు ఇప్పుడు డబ్బులు ఎందుకు కట్టాలి?

పాత యాంటెన్నా:
లోపం మీ నెట్‌ది కాకపోవచ్చు. స్ట్రీమింగ్‌లో వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. మధ్యలో ఆగిపోకుండా ఉండాలని యాప్ కొన్ని ముక్కలను ముందే పోగుచేసుకుని ఆ తరువాతే చూపిస్తుంది. ఉపగ్రహం ద్వారా వచ్చే కేబుల్ ప్రసారానికీ కొన్ని సెకన్ల ఆలస్యం ఉంటుంది గానీ, ఇంత ఉండదు. ఎక్కువ స్పీడు ప్లాన్ తీసుకున్నా ఈ తేడా పూర్తిగా పోదు. పక్కింట్లో కేబుల్ ఉన్నంతకాలం మీ నాన్నగారికి వికెట్ ముందు వినిపించి, తరువాత కనిపిస్తుంది.

మిడాన్:
డబ్బుల సంగతి నేను చెబుతాను. 2018 నుంచి 2022 వరకు ఐపీఎల్ టీవీ, డిజిటల్ హక్కులు రెండూ స్టార్ దగ్గరే ఉండేవి, 16,347.5 కోట్లకు. 2022 జూన్ వేలంలో బోర్డు వాటిని విడదీసి అమ్మగా, రాబోయే ఐదేళ్లకు భారత ఉపఖండపు టీవీ హక్కులను స్టార్ 23,575 కోట్లకు, డిజిటల్ హక్కులను వయాకామ్18 23,758 కోట్లకు దక్కించుకున్నాయి. ఫోన్‌లో చూపించే హక్కుల ధర టీవీ హక్కుల ధరను దాటింది అప్పుడే. వయాకామ్18 వారి యాప్ జియోసినిమా ఉచితంగా చూపించింది మన మీద ప్రేమతో కాదు, స్టార్ ప్రేక్షకులను లాక్కోవడానికి. 2024 నవంబరులో ఆ రెండు వ్యాపారాలూ కలిసిపోయాయి, 2025 ఫిబ్రవరిలో ఇద్దరి యాప్‌లూ ఒకటై జియోహాట్‌స్టార్ వచ్చింది. పోటీదారే లేనప్పుడు ఉచితం ఎవరి కోసం?

సెట్‌టాప్ సుబ్బారావు:
దూరదర్శన్‌ను మరిచిపోయారు. 2007 నాటి చట్టం ప్రకారం, జాతీయ ప్రాముఖ్యం ఉన్నవిగా కేంద్రం ప్రకటించిన మ్యాచ్‌ల సిగ్నల్‌ను ప్రైవేటు చానళ్లు దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతికి ఇచ్చి తీరాలి. కానీ ఆ ప్రసారం దూరదర్శన్ సొంత టవర్లకూ డీడీ ఫ్రీ డిష్‌కూ మాత్రమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ కేబుల్‌లో డీడీ పెడితే ఆ సమయానికి వేరే కార్యక్రమం రావడానికి కారణం ఇదే. ఫ్రీ డిష్‌కు గొడుగు, పెట్టె ఒకసారి కొంటే చాలు, నెలనెలా బిల్లు ఉండదు. ఐపీఎల్ మాత్రం ఆ చట్టం కిందికి రాదు.

గోదావరి గట్టు:
కృతజ్ఞతలండీ. నిన్న నాన్నగారికి ఫోన్ చేసి అడిగాను. రిమోట్‌లో మూడు అంకెలు నొక్కడం ఆయనకు వచ్చు. యాప్ లాగౌట్ అయితే ఓటీపీ నా ఫోన్‌కు వస్తుంది, నేనేమో ఆ వేళకు ఆఫీసులో ఉంటాను. అందుకే కేబుల్ ఉంచుతున్నాను, ప్యాకేజీ మాత్రం తీసేయమన్నాను. 2019 నుంచి చానళ్లను విడివిడిగా ఎంచుకునే వీలుంది కనుక, స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఒక్కటే చాలని ఆపరేటరుకు చెప్పాను. ప్యాకేజీయే చౌక అని ఆయన వాదిస్తున్నాడు, లెక్క రాసి పంపమన్నాను.