లంబాడా పాట అసలు ఎవరిది?

పాటలపిచ్చి:
1989లో వచ్చిన కయోమా బ్యాండు వాళ్ల లంబాడా పాట కీబోర్డు మీద నేర్చుకుందామని వెతుకుతుంటే, అచ్చం అదే ట్యూన్‌తో నెమ్మదిగా, పిల్లనగ్రోవి లాంటిదేదో ఊదుతూ పాడిన పాట తగిలింది. వింటుంటే గుండె బరువెక్కింది. ఎవరిది చూసి ఎవరు చేశారు? ఇంకో డౌటు, మన లంబాడాలకీ ఈ పేరుకీ ఏమైనా సంబంధం ఉందా? నవ్వకండి.

పాత క్యాసెట్:
మీకు దొరికిందే అసలుది. బొలీవియా బ్యాండు లోస్ కార్కాస్, 1981. రాసింది ఉలిసెస్, గొంజాలో హెర్మోసా అనే అన్నదమ్ములు. ఆ ఊదేది వెదురు గొట్టాల్ని పొడవు వారీగా వరసలో కట్టిన సంపోన్యా, కయోమా పాటలో అకార్డియన్ మోగే చోట దీంట్లో అది పలుకుతుంది, రెండూ పక్కపక్కన పెట్టి వినండి తెలిసిపోతుంది. మధ్యలో 1986లో బ్రెజిల్ గాయని మార్సియా ఫెరైరా దాన్ని లంబాడా అనే డాన్సు ఊపుతో పోర్చుగీసులో పాడింది. ఫ్రాన్స్‌లో కట్టిన కయోమా వాడుకుంది ఆ మాటలే. రికార్డు మీద మాత్రం రచయిత చికో డి ఒలివైరా అని వేశారు. అది నిర్మాతల్లో ఒకరు పెట్టుకున్న మారుపేరు! కోర్టు దాకా వెళ్తే గానీ అసలువాళ్లకి న్యాయం జరగలేదు. నాకు మాత్రం ఇది ఉత్త దొంగతనమే.

జూక్ బ్యాచ్:
పేరుకి సంబంధం లేదండీ, పోర్చుగీసులో లంబాడా అంటే కొరడా దెబ్బ. డాన్సు పుట్టింది ఉత్తర బ్రెజిల్‌లోని పారా రాష్ట్రంలో, అక్కడి కరింబో అనే జానపద నాట్యం నుంచి. తర్వాత బయియా తీరానికి దిగి, పోర్తో సెగూరోలో టూరిస్టుల కంటపడింది. పాట మోజు కొన్నేళ్లకే తగ్గిపోయింది కానీ డాన్సర్లు వదల్లేదు, కరీబియన్ జూక్ పాటలకి అవే అడుగులు వేసుకుంటూ పోయారు. నేను ఇప్పుడు నేర్చుకుంటున్న బ్రెజిలియన్ జూక్ అదే. మోకాళ్లు కాస్త వంచి పక్కకి ఊగడం వరకూ పర్లేదు, తల తిప్పేటప్పుడే మెడ పట్టేస్తోంది.

పాటలపిచ్చి:
థాంక్స్ అందరికీ. మాటల అర్థం ఇప్పుడే చూశా, ఒకప్పుడు నన్ను ఏడిపించినవాడు ఏడుస్తూ వెళ్లిపోయాడట. దీనికా జనం అంతలా గిర్రున తిరిగింది!

పాత క్యాసెట్:
2011లో జెన్నిఫర్ లోపెజ్ పాట 'ఆన్ ద ఫ్లోర్'లో కూడా అదే ట్యూన్. ఈసారి రచయితల్లో హెర్మోసాల పేర్లున్నాయి, చూసుకోండి.