'కోయ' అని వెతికితే జపాన్ వస్తోంది!

హనుమకొండ నుంచి ప్రశ్న: మేడారం చుట్టుపక్కల కోయల మీద పుస్తకాల జాబితా తయారుచేస్తున్నా. 'కోయ' అని కొడితే జపాన్ గుడులు, కేరళ నాయకులు, ఇరాక్ ఊరు అన్నీ కలిసి వస్తున్నయి. విడదీసుడెట్ల?

జవాబు 1: పేరొక్కటే కొడితే అంతే అన్నా. జపాన్‌ది కోయాసాన్ కొండ, 816లో కూకాయ్ అనే సన్యాసి మొదలుపెట్టిన బౌద్ధ క్షేత్రం. ఇరాక్‌లో ఎర్బిల్ దగ్గర కోయ ఊరు ఉంది. కేరళలో అది ముస్లింల పేరు. 1979లో ముఖ్యమంత్రి అయిన సి.హెచ్. మహమ్మద్ కోయ గుర్తున్నడు కదా. 'కోయ ములుగు', 'కోయ భద్రాచలం' అని పక్కన జిల్లా పేరో ఊరి పేరో పెట్టు.

జవాబు 2: భాష మీద పుస్తకాలైతే కోయ భాషకున్న ఐఎస్‌ఓ 639-3 (ప్రపంచ భాషలకు ఇచ్చే మూడక్షరాల గుర్తులు) కోడ్ 'కేఎఫ్‌ఎఫ్' వేయండి, ఇంగ్లిషు అక్షరాల్లో. కోడ్ భాషకే, తెగకు కాదు. ఇంట్లో తెలుగే మాట్లాడే కోయలు చాలామంది. తెగ జనాభాను భాష లెక్కలో వేస్తే జాబితా తప్పుతుంది. తెగకొకటి, భాషకొకటి రెండు గడులు వేరుగా పెట్టండి.

జవాబు 3: తెలుగులో వెతికితే ఇంకో తిప్పలు: 'వరి కోయ', 'కోయడం' కూడా పడతయి. 'కోయతూర్' అని కూడా కొట్టి చూడున్రి, కోయలు తమను పిలుచుకునే పేరది. కాకపోతే గోండులూ అదే మాట వాడతరు, వచ్చిన ప్రతి పుస్తకం తెరిచి చూడాల్సిందే.